కాబూల్‌లో 'మావాళ్లు'

'మీవాళ్లు' అనే మాట మాకు పుట్టుకతోనే అంటుకుంటుంది. పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ గెలిస్తే 'మీవాళ్లు గెలిచారుగా, స్వీట్లేవి?' అంటారు. ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటే 'మీవాళ్లకిదేం రోగం?' అంటారు. 1992 తరవాత ఈ జాబితాలో కాబూల్ కూడా చేరింది. 'రష్యా వాళ్లను వెళ్లగొట్టారు, బాగానే ఉంది. ఇప్పుడు మీవాళ్లను మీవాళ్లే చంపుకుంటున్నారు. మీ మతమే అంత!' టీ కొట్టు దగ్గరో, రైలు పెట్టెలోనో, ఆఫీసులోనో ఈ మాట వినని ముస్లిం మాలో అరుదు.

ఇదే మాట మా మసీదుల్లో ఇంకో రూపంలో వినబడేది. 1980లలో బయానుల నిండా అఫ్ఘాన్ ముజాహిదీన్ల కథలే. 'మనవాళ్లు అంత పెద్ద రాజ్యాన్ని మట్టి కరిపించారు. ఉమ్మత్ ఒక్కటైతే ఇట్లుంటది' అని చెప్పేవాళ్లు. విని మేమూ రొమ్ము విరుచుకున్నాం. 1992 ఏప్రిల్‌లో కాబూల్ ఆ ముజాహిదీన్ల చేతికొచ్చింది. అప్పట్నుంచే అదే నగరం మీద ఆ ముజాహిదీన్ల రాకెట్లే పడ్డాయి. బయానుల్లో కాబూల్ పేరు మెల్లగా మాయమైంది. ఎందుకని మేం అడగలేదు. వాళ్లు చెప్పలేదు.

ఆ ఏడాది చివర్న మాకు కాబూల్ వైపు చూసే తీరికా లేకపోయింది. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చారు. డిసెంబర్లోనూ, మళ్లీ జనవరిలోనూ ముంబయి తగలబడింది. మా బస్తీల్లో ఆడవాళ్లు రాత్రిళ్లు దీపాలార్పి పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు. సరిగ్గా ఆ చలికాలంలోనే, 1993 ఫిబ్రవరి 11న, కాబూల్ పడమటి దిక్కున ఉన్న అఫ్షార్ అనే పేటలోకి సైన్యాలు దిగాయి. హజారా షియాల ఇళ్లలోంచి మగవాళ్లను లాక్కుపోయారు. ఆడవాళ్లను చెరిచారు. వెళ్లినవాళ్లూ ముస్లింలే, పోయినవాళ్లూ ముస్లింలే. ఇద్దరి నోటా ఒకటే కలిమా.

ఒకే చలికాలంలో జరిగిన ఈ రెండు దుర్మార్గాల్లో ఒకదానికి మేం ఏడ్చాం. రెండోది మాకు తెలియను కూడా తెలియలేదు. తెలిశాక కూడా దాని గురించి మాట్లాడలేదు. మాట్లాడితే 'మీవాళ్లు' అనేవాడి నోటికి ఇంకో మాట అందించినట్టవుతుందని భయం. ఆ భయం వల్లే ఒక చరిత్రను వాడి చేతికొదిలేశాం. ఇప్పుడు దాన్ని మా చేతుల్లోకి తీసుకుంటున్నాం.

పెషావర్‌లో ఏడు జెండాలు

1978 ఏప్రిల్ 27న కాబూల్‌లో కమ్యూనిస్టులు సైన్యం సాయంతో అధికారంలోకొచ్చారు. భూసంస్కరణలు, ఆడపిల్లల చదువు లాంటి మంచి మాటలనే జైళ్లతో, తుపాకులతో అమలు చెయ్యబోయారు. పల్లెలు తిరగబడ్డాయి. 1979 డిసెంబర్ చివర్లో సోవియట్ సైన్యం దిగింది. తరవాతి పదేళ్లలో దాదాపు పది లక్షల మంది చనిపోయారని అంచనా. 30 లక్షలకు పైగా జనం సరిహద్దు దాటి పాకిస్తాన్ శిబిరాల్లో పడ్డారు. ఇరాన్‌కూ లక్షల్లో వెళ్లారు.

తిరుగుబాటు మొదట్లో ఏ పార్టీదీ కాదు. లోయలో, కొండ మీద ఏ ఊరికా ఊరు లేచింది. ఆ ఊళ్లకు ఆయుధం కావాలి, శిబిరంలో ఉన్న పిల్లలకు తిండి కావాలి. ఈ రెండూ పెషావర్‌లో దొరుకుతాయి. అక్కడ పాకిస్తాన్ ప్రభుత్వం ఏడు పార్టీలనే గుర్తించింది. గుల్బుద్దీన్ హెక్మత్యార్‌ది హిజ్బె ఇస్లామీ. అందులోంచే విడిపోయిన యూనుస్ ఖాలిస్‌ది అదే పేరుతో ఇంకో పార్టీ. బుర్హానుద్దీన్ రబ్బానీది జమియతె ఇస్లామీ. అబ్దుల్ రసూల్ సయ్యాఫ్‌ది ఇత్తెహాద్. ఇవి కాక సిబ్గతుల్లా ముజద్దిదీ, పీర్ గిలానీ, మౌల్వీ నబీ మొహమ్మదీల మూడు పార్టీలు. ఏడూ సున్నీ పార్టీలే. రబ్బానీ బలం తాజిక్‌లలో, మిగతావాళ్ల బలం ఎక్కువగా పష్తూన్లలో.

శిబిరంలో రేషన్ కావాలంటే శరణార్థి ఈ ఏడింట్లో ఏదో ఒకదాంట్లో పేరు రాయించుకోవాల్సిందే. నమ్మి చేరినవాళ్లున్నారు. ఆకలికి చేరినవాళ్లూ ఉన్నారు. ఏ పార్టీకి ఎన్ని ఆయుధాలన్నది పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐ.ఎస్.ఐ. చేతిలో ఉండేది. అమెరికా డాలర్లు, సౌదీ రియాళ్లు దాని చేతి మీదుగానే వెళ్లాయి. అన్నిటికంటే పెద్ద వాటా హెక్మత్యార్‌కు దక్కింది. సౌదీల ప్రత్యేక అభిమానం సయ్యాఫ్ మీద. షియాలైన హజారాలకు పెషావర్‌లో చోటు లేదు. వాళ్ల చిన్న చిన్న పార్టీలను ఇరాన్ చేరదీసింది. 1989లో అవి కలిసి హిజ్బె వహదత్ అయ్యాయి. వహదత్ అంటే ఐక్యత. అంతకు ముందు కొన్నేళ్లపాటు హజారా కొండల్లో ఆ పార్టీలే ఒకదాన్నొకటి నరుక్కున్నాయి.

'జిహాద్ చేసినవాళ్లంతా ఒకటే' అని మాకు చెప్పిన కథ వెనకున్న ఏర్పాటు ఇది. ఒకే శత్రువు మీద పోరాడారన్నది నిజం. ప్రాణాలకు తెగించారన్నదీ నిజం. కానీ వాళ్ల తిండీ, తుపాకీ, డబ్బూ వేరు వేరు చేతుల మీదుగా వచ్చాయి. ఎవరి చేయి ఎటు లాగితే వాళ్లటు నడిచారు.

అట్లాగని నాయకులు ఒకళ్లకొకళ్లు పరాయివాళ్లు కారు. రబ్బానీ, సయ్యాఫ్ ఇద్దరూ కాబూల్ విశ్వవిద్యాలయంలో షరియత్ బోధించినవాళ్లు. ఇద్దరూ కైరో అల్ అజ్‌హర్‌లో చదివినవాళ్లు. హెక్మత్యార్ కాబూల్ విశ్వవిద్యాలయంలోనే ఇంజనీరింగ్ విద్యార్థి. రబ్బానీ సేనాని అహ్మద్ షా మసూద్ కాబూల్ పాలిటెక్నిక్ విద్యార్థి. 1970లలో అందరూ ఒకే ఇస్లామీ ఉద్యమంలో తిరిగారు. అదే పుస్తకాలు చదివారు. 1975లో ఒక తిరుగుబాటు చేసి ఓడిపోయాక పెషావర్‌లో రెండుగా చీలారు. చీలికల పార్టీలను దగ్గర్నుంచి చూసిన తెలుగు పాఠకులకు ఇదేమీ వింత కాదు.

శత్రువు వెళ్లాక

1989 ఫిబ్రవరి 15న ఆఖరి సోవియట్ సైనికుడు అఫ్ఘానిస్తాన్ దాటాడు. అదే నెలలో రావల్పిండిలో ఏడు పార్టీలు కూర్చుని తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించాయి. ముజద్దిదీ అధ్యక్షుడు, సయ్యాఫ్ ప్రధాని. షియా పార్టీలు తమకు రావలసిన స్థానాలడిగాయి. లెక్క కుదరలేదు, వాళ్లు బయటే ఉండిపోయారు. ఉజ్బెక్‌లను ఎవరూ అడగలేదు. ఆడవాళ్లను అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నెల తిరక్కుండా జలాలాబాద్ మీదికెళ్లిన ఆ ప్రభుత్వం ఘోరంగా దెబ్బతింది.

ఆ ఏడాది జూలైలో తఖార్ ప్రాంతంలో ఇంకోటి జరిగింది. సమావేశం ముగించుకుని తిరిగొస్తున్న మసూద్ మనుషుల్ని హెక్మత్యార్ కమాండర్ ఒకడు దారి కాచి పట్టుకున్నాడు. దాదాపు ముప్పై మందిని చంపారు. అందులో మసూద్‌కు దగ్గరి కమాండర్లున్నారు. మసూద్ బలగాలు ఆ కమాండర్ని పట్టుకుని ఉరి తీశాయి. రష్యా సైన్యం వెళ్లి అప్పటికి అయిదు నెలలు కూడా నిండలేదు. కాబూల్‌లో నజీబుల్లా ఇంకా గద్దె మీదే ఉన్నాడు. శత్రువు ఎదురుగా ఉండగానే ఇది జరిగింది.

1990 మార్చిలో ఇంకో విచిత్రం. నజీబుల్లా రక్షణ మంత్రి షానవాజ్ తనయ్ సైనిక కుట్ర చేశాడు. అతను కరుడుగట్టిన కమ్యూనిస్టు. అతనితో చెయ్యి కలిపింది ఎవరనుకున్నారు? కమ్యూనిస్టుల నీడ కూడా సోకరాదన్న హెక్మత్యారే. కుట్ర విఫలమైంది. కాఫిర్ అన్న మాట అవసరాన్ని బట్టి మనుషుల మీదికి వస్తుందనీ, అవసరాన్ని బట్టి లేచిపోతుందనీ ఆ రోజే తేలిపోయింది.

1992 జనవరి 1 నుంచి అమెరికా, రష్యా రెండూ తమ తమ పక్షాలకు ఆయుధాలాపేశాయి. నజీబుల్లా కూలిపోవడం మొదలైంది. ఉత్తరాన అతని ఉజ్బెక్ సేనాని అబ్దుల్ రషీద్ దోస్తుమ్ తిరగబడి మసూద్‌తో కలిశాడు. ఏప్రిల్ మధ్యలో నజీబుల్లా దేశం వదలబోతే విమానాశ్రయం దగ్గరే ఆపేశారు. ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తలదాచుకున్నాడు. అతను అమాయకుడేం కాదు. వేలమందిని చిత్రహింసలు పెట్టిన 'ఖాద్' గూఢచారి సంస్థకు అధిపతిగా చేసినవాడు. కానీ అతను పోగానే అతని సైన్యం ఎట్లా చీలిందో చూడాలి. పష్తూన్ అధికారుల్లో చాలామంది హెక్మత్యార్ వైపు వెళ్లారు. తాజిక్ అధికారులు మసూద్ వైపు వెళ్లారు. ఉజ్బెక్‌లు దోస్తుమ్‌తో ఉన్నారు. కాబూల్ హజారాల్లో చాలామంది వహదత్‌లో చేరారు. పదమూడేళ్లు కమ్యూనిజానికీ ఇస్లాంకూ మధ్య యుద్ధమన్నారు. చివరి వారంలో రెండు జెండాలూ దిగిపోయాయి. మిగిలింది జాతుల లెక్క.

నాలుగేళ్ల కాబూల్

ఏప్రిల్ 24న పెషావర్‌లో ఒప్పందం జరిగింది. ముజద్దిదీ రెండు నెలలు, తరవాత రబ్బానీ నాలుగు నెలలు అధ్యక్షులు. ప్రధాని పదవి హెక్మత్యార్ పార్టీకి. హెక్మత్యార్ ఒప్పుకోలేదు. కాబూల్లోకి నిజంగా అడుగుపెట్టగల బలమున్న దోస్తుమ్ గానీ, నగరంలో పడమటి పేటలన్నీ చేతిలో ఉన్న వహదత్ గానీ ఆ ఒప్పందంలో భాగస్వాములు కారు. సంతకం చేసినవాళ్లలో చాలామందికి నగరంలో బలం లేదు, బలమున్నవాళ్లకు సంతకంలో చోటు లేదు. మర్నాటి నుంచే వీధుల్లో పోరు. ఏప్రిల్ 28న ముజద్దిదీ వచ్చి అధికారం తీసుకునేసరికి హెక్మత్యార్ మనుషుల్ని నగరం దక్షిణానికి తరిమారు. అక్కణ్నుంచి అతను రాకెట్లు మొదలుపెట్టాడు.

ఆ మే నెలలోనే మన సినిమా హాళ్లలో 'ఖుదా గవాహ్' ఆడుతోంది. ఆ సినిమాలో కొంత భాగం అఫ్ఘానిస్తాన్‌లోనే తీశారు. తెర మీద పఠాన్ ఇచ్చిన మాట కోసం జీవితమంతా ధారపోస్తాడు. మా బస్తీల్లో కుర్రాళ్లు ఈలలేశారు. అక్కడ అసలు కాబూల్‌లో ఇచ్చిన మాట వారం కూడా నిలవలేదని వాళ్లకు ఎవరు చెప్పాలి?

మే చివర, జూన్ మొదట పడమటి కాబూల్‌లో సయ్యాఫ్ మనుషులకూ వహదత్ మనుషులకూ పోరు మొదలైంది. దారిన పోయేవాణ్ని ఆపి ముఖం చూశారు, మాట యాస విన్నారు. హజారా అయితే వీళ్లు, పష్తూన్ అయితే వాళ్లు ఎత్తుకుపోయారు. చాలామంది తిరిగి రాలేదు. ఆగస్టులో హెక్మత్యార్ రాకెట్ల వానకు వెయ్యి మందికి పైగా చనిపోయారని అంచనాలున్నాయి. డిసెంబర్లో రబ్బానీ ఒక సభ పిలిచి, తానొక్కడే అభ్యర్థిగా నిలబడి, తనను తాను ఎన్నిక చేయించుకున్నాడు. పదవీకాలం పెంచుకోవడానికి అన్ని దేశాల పాలకులూ ఒకే బడిలో చదువుకుంటారు కాబోలు.

తరవాత అఫ్షార్. వహదత్ నాయకుడు అబ్దుల్ అలీ మజారీ స్థావరం అక్కడి సామాజిక శాస్త్రాల సంస్థ భవనంలో ఉండేది. దాన్ని పట్టుకోవాలని మసూద్, సయ్యాఫ్ బలగాలు కలిసి వెళ్లాయి. మజారీ తప్పించుకున్నాడు. తప్పించుకోలేని జనం దొరికారు. ఏడు వందల మందికి పైగా మనుషులు ఎత్తుకుపోబడి మళ్లీ కనిపించలేదని హక్కుల సంఘాలు నమోదు చేశాయి. మసూద్‌ను పంజ్‌షేర్ సింహమని ప్రపంచమంతా పొగిడింది. అఫ్షార్ తల్లులకు ఆ పేరు వినబడిన తీరు వేరు. అట్లాగని వహదత్ మనుషులు పుణ్యాత్ములు కారు. పష్తూన్‌లను, తాజిక్‌లను పట్టుకుపోయి వాళ్లూ అవే పనులు చేశారు. ఏ జెండా కిందా మచ్చలేని చేతులు లేవు.

1993 మార్చి 7న ఇస్లామాబాద్‌లో మళ్లీ ఒప్పందం. రబ్బానీ అధ్యక్షుడు, హెక్మత్యార్ ప్రధాని. నాయకులంతా మక్కా వెళ్లి దానికి కట్టుబడతామని ప్రమాణం చేశారు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ముస్లింకు ఏముంటుంది? అదీ నిలవలేదు. ప్రధాని హెక్మత్యార్ తన రాజధానిలో కాలుపెట్టడానికి భయపడి ఊరి బయట చారాస్యాబ్‌లో మంత్రివర్గ సమావేశాలు పెట్టుకున్నాడు. దేశ ప్రధానే దేశ రాజధాని మీద రాకెట్లు వేసిన సందర్భం చరిత్రలో ఇంకెక్కడైనా ఉందేమో వెతకాలి.

1994 జనవరి 1న దోస్తుమ్ పక్షం మార్చాడు. నిన్నటిదాకా తాను కాల్చిన హెక్మత్యార్‌తో కలిశాడు. అఫ్షార్ తరవాత మజారీ కూడా అటే చేరాడు. ఇద్దరూ ముగ్గురూ కలిసి రబ్బానీ, మసూద్‌ల మీద పడ్డారు. ఆ ఒక్క ఏడాదే కాబూల్‌లో పాతిక వేల మంది చనిపోయారనీ, 1995 నాటికి నగరంలో మూడో వంతు శిథిలమైందనీ అంచనా. సోవియట్ కాలంలో పల్లెలు నేలమట్టమైనా కాబూల్ చాలావరకు నిలబడే ఉంది. దాన్ని కూల్చింది విమోచకులు. జాదె మైవంద్ బజారు మొండిగోడలైంది. దారులమాన్‌లోని మ్యూజియంకు 1993 మేలో రాకెట్ తగిలి మంటలంటుకున్నాయి. మిగిలింది దోచుకున్నారు. తరతరాలుగా కాబూల్‌లో బతికిన హిందువులు, సిక్కులు వేల సంఖ్యలో ఢిల్లీ చేరారు. ముస్లింలు జలాలాబాద్ దగ్గర ఎండలో గుడారాలు వేసుకున్నారు.

ఇట్లా విసిగిన జనం ముందుకే 1994 చివర్లో కాందహార్ నుంచి తాలిబాన్ వచ్చారు. దారుల మీద సుంకాలు వసూలు చేసే కమాండర్లను తరిమితే జనం మొదట ఊపిరి పీల్చుకున్నారు. 1995 ఫిబ్రవరిలో హెక్మత్యార్ చారాస్యాబ్ వదిలి పారిపోయాడు. మార్చిలో మసూద్ దాడికి తట్టుకోలేక మజారీ తాలిబాన్‌తో రాజీకెళ్లాడు. వాళ్లు పట్టుకుని చంపేశారు. 1996 సెప్టెంబర్ 27న కాబూల్ పడింది. నజీబుల్లాను చంపి కూడలిలో వేలాడదీశారు. అప్పటికి మూడు నెలల ముందే హెక్మత్యార్ తిరిగొచ్చి రబ్బానీ కింద ప్రధాని అయ్యాడు. నాలుగేళ్ల రాకెట్ల తరవాత ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అప్పటికి పంచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మతమా, వాటానా?

ఇప్పుడు 'మీ మతమే అంత' అన్న మాటకొద్దాం. కాబూల్ కమ్యూనిస్టుల్లో ఖల్క్, పర్చమ్ అని రెండు ముఠాలుండేవి. అధికారం చేతికొచ్చిన ఏడాదిన్నరలోపే ఒకళ్లనొకళ్లు జైళ్లకూ, గోతులకూ పంపుకున్నారు. 1979లో అధ్యక్షుడు తరకీని అతని శిష్యుడు అమీన్ మనుషులే చంపారు. వాళ్లు దేవుణ్ని నమ్మరు గదా? మన పక్కనే శ్రీలంక ఉంది. 1986లో ఎల్.టి.టి.ఇ. పులులు సాటి తమిళ సంస్థ టెలోను తుడిచిపెట్టి దాని నాయకుడు శ్రీ సబారత్నంను చంపారు. 1990లో ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్. నాయకుడు పద్మనాభను మద్రాసులోనే కాల్చారు. అప్పుడు ఏ హిందువునీ ఎవరూ 'మీవాళ్లు' అనలేదు. 1937లో స్పెయిన్‌లో ఫాసిస్టు ఫ్రాంకో మీద పోరాడుతున్న కమ్యూనిస్టులూ, అనార్కిస్టులూ బార్సిలోనా వీధుల్లో ఒకళ్లనొకళ్లు కాల్చుకున్నారు. తప్పు కలిమాదైతే వీళ్లెవరూ కలిమా చదివినవాళ్లు కాదే!

అయితే మా ముల్లాలు చెప్పే జవాబు కూడా మాకు సరిపోదు. 'అది అమెరికా కుట్ర, పాకిస్తాన్ కుట్ర' అంటారు. బయటివాళ్ల చెయ్యి ఉంది. కావలసినంత ఉంది. హెక్మత్యార్ వెనక పాకిస్తాన్, వహదత్ వెనక ఇరాన్, సయ్యాఫ్ వెనక సౌదీ ఉన్నాయి. మన దేశం మొదట నజీబుల్లాకూ, తరవాత తాలిబాన్ మీద పోరాడిన రబ్బానీ, మసూద్‌లకూ అండగా నిలిచింది. కానీ బయటివాడు చెయ్యి పెట్టాలంటే లోపల సందుండాలి. ఆ సందు పాతది. 1747లో అహ్మద్ షా దుర్రానీ రాజ్యం పెట్టిన నాటి నుంచీ, 1929లో తొమ్మిది నెలలు మినహాయిస్తే, గద్దె పష్తూన్లదే. 1890లలో అమీర్ అబ్దుర్రహ్మాన్ ఖాన్ హజారాల తిరుగుబాటును అణచి, వేలమందిని బానిసలుగా అమ్మించాడు. కాబూల్‌లో బరువులు మోసేవాళ్లుగా, ఇళ్లల్లో పనివాళ్లుగా హజారాలే కనబడేవాళ్లు. వాళ్ల నమాజు తీరు చూసి ముస్లింలేనా అని ఎగతాళి చేసినవాళ్లకు కొదవ లేదు.

1992లో హజారాలు అడిగింది రెండు విషయాలు: అధికారంలో మా సంఖ్యకు తగ్గ వాటా, మా జాఫరీ ఫిఖాకు చట్టంలో గుర్తింపు. పద్నాలుగేళ్ల పోరాటంలో ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా 'ముందు రష్యావాణ్ని పంపుదాం, తరవాత చూద్దాం' అన్నారు. ఆ 'తరవాత' వచ్చేనాటికి అందరి చేతుల్లో తుపాకులున్నాయి. అంతకు ముందు మాటలతో అడగవలసిందాన్ని రాకెట్లతో అడుక్కున్నారు. జాఫరీ ఫిఖాకు గుర్తింపు 2004 రాజ్యాంగంలో గానీ రాలేదు. ఆ మాట 1989లో రావల్పిండిలోనే ఒప్పుకుని ఉంటే అఫ్షార్ జరిగేది కాదని మేం ప్రమాణం చెయ్యలేం. ఒప్పుకోకపోవడం అఫ్షార్‌కు దారి వేసిందని మాత్రం చెప్పగలం.

ఆ రాకెట్లకు జవాబు చెప్పిందెవరు? 2007లో అఫ్ఘాన్ పార్లమెంటు యుద్ధకాలపు నాయకులకు క్షమాభిక్ష చట్టం చేసింది. చేసినవాళ్లలో ఆ నాయకులూ ఉన్నారు. సయ్యాఫ్ 2014లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. దోస్తుమ్ ఆ ఏడాదే ఉపాధ్యక్షుడయ్యాడు. హెక్మత్యార్ 2016లో రాజీ చేసుకుని 2017లో దర్జాగా కాబూల్ తిరిగొచ్చాడు. శిక్ష పడ్డవాళ్ల కోసం వెతికితే హెక్మత్యార్ కమాండర్ జర్దాద్ కనబడతాడు. 2005లో అతనికి 20 ఏళ్లు వేసింది కూడా లండన్ కోర్టు. 2021 ఆగస్టు 15న తాలిబాన్ మళ్లీ కాబూల్‌లోకి వచ్చారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి మూసేశారు. 2022 సెప్టెంబర్ 30న కాబూల్ హజారా పేట దష్తె బర్చీలోని కాజ్ విద్యాకేంద్రంలో పరీక్ష రాస్తున్న పిల్లల మధ్య బాంబు పేలింది. యాభై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఆడపిల్లలే. ఏ ఒప్పందంలోనూ చోటు దొరకని ఇద్దరు, హజారా, ఆడది, ఆ రోజు ఒకే శరీరంలో చనిపోయారు.

మా ఇంటి సంగతి

ఇదంతా మేమెందుకు రాస్తున్నాం? మా చేతుల్లో రాకెట్లు లేవు. మాకు గద్దె లేదు, పంచుకోవడానికి రాజధాని లేదు. ఇక్కడ మేం కాల్చేవాళ్లం కాదు, కాలుతున్నవాళ్లం. పోలికను ఎక్కడ ఆపాలో మాకు తెలుసు. కానీ 'తరవాత చూద్దాం' అన్న మాట మాత్రం మాకు చాలా బాగా తెలిసిన మాట.

దూదేకుల సోదరుడు లేచి 'నమాజులో భుజం కలిపి నిలబడతారు, పిల్లనివ్వమంటే మాత్రం మా కులం అడుగుతారేం?' అంటే, 'ఇప్పుడా ఆ మాట? బయట శత్రువున్నాడు' అంటాం. ఉర్దూ రాని కోస్తా ముస్లిం తెలుగులో దువా అడుక్కుంటే నవ్వుతాం. పల్లెల్లో పీర్లనెత్తే ఫకీరును 'షిర్క్ చేస్తున్నాడు, వీడూ ముస్లిమేనా?' అంటాం. కాబూల్‌లో హజారాను అడిగిన ప్రశ్నే ఇది, మాట కూడా మారలేదు. మెహతర్ ఇంట్లో మంచినీళ్లు తాగడానికి వెనకాడే సయ్యద్ సాబులు మా మధ్య ఉన్నారు. మూడు మాటల్లో వదిలేసిన మా చెల్లెలు న్యాయమడిగితే 'మతోన్మాదులకు ఆయుధమిస్తున్నావు, నోర్ముయ్' అన్నాం. ఆ ఆయుధాన్ని వాళ్లు ఎట్లాగూ తీసుకున్నారు. నోరు మూయించిన పాపం మాత్రం మాకు మిగిలింది.

మాలో వెనకబడ్డ కులాలకు రిజర్వేషన్ అన్నప్పుడు కూడా ఇదే పాట. ఇస్లాంలో కులం లేదని పెద్దలన్నారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 14 ముస్లిం సమూహాలను పేరు పేరునా గుర్తించి 4 శాతం ఇచ్చింది. సయ్యద్, పఠాన్, మొఘల్ లాంటివాళ్లను పక్కన పెట్టింది. ఉమ్మత్ ముక్కలైపోతుందని కంగారు పడ్డారు. ఏమీ ముక్కలు కాలేదు. కొందరు పిల్లలు కాలేజీ మెట్లెక్కారు.

ఐక్యత మాకూ కావాలి. బాబ్రీ తరవాత, గుజరాత్ తరవాత మాకంటే ఎక్కువగా ఐక్యత ఎవరికి కావాలి? కానీ అడగవలసినవాళ్లను నోరు మూయించి తెచ్చే ఐక్యత ఎంతకాలం ఉంటుందో కాబూల్ చూపించింది. శత్రువు ఉన్నంత కాలం ఉంటుంది, అదీ అనుమానమే. తఖార్‌లో శత్రువు ఉండగానే పోయింది. అక్కడ కొంప ముంచింది వాటా అడిగినవాళ్లు కాదు, అడిగినప్పుడు వినని పెద్దలు. దూదేకుల, మెహతర్, ఫకీరు, షియా, ఆడది అందరూ తమ మాట తాము చెప్పుకునే ముస్లిం సమాజం చీలిపోయిన సమాజం కాదు. చీలకుండా ఉండడానికి మిగిలిన దారి అదొక్కటే.

ఇక 'మీవాళ్లు' అనే మిత్రులకు మా జవాబు. అవును, కాబూల్‌లో మావాళ్లున్నారు. హెక్మత్యార్ మావాడు కాదు, మసూద్ మావాడు కాదు, సయ్యాఫ్, దోస్తుమ్ మావాళ్లు కారు, తాలిబాన్ అసలే కారు. కొడుకు తిరిగొస్తాడని ముప్పై ఏళ్లు గుమ్మంలో కూర్చున్న అఫ్షార్ తల్లులు మావాళ్లు. యాస విని ఎత్తుకుపోబడ్డ పష్తూన్ కూలివాళ్లు మావాళ్లు. ఇల్లూ గురుద్వారా వదిలి ఢిల్లీ చేరిన కాబూల్ సిక్కులు మావాళ్లు. మూసిన బడి ముందు పుస్తకాల సంచితో నిలబడ్డ ఆడపిల్లలు మావాళ్లు. వాళ్లు మీవాళ్లెందుకు కారో ఇప్పుడు మీరు చెప్పండి.

మా మసీదు పెద్దలకు కూడా ఒక మనవి. 1992లో ఆగిపోయిన ఆ బయాన్‌ను మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి రష్యా ఓడిన రోజు దగ్గర ఆపకండి. అఫ్షార్ దాకా చెప్పండి. చెప్పేటప్పుడు వెనక వరసలో ఎవరు కూర్చున్నారో, తలుపు బయట ఎవరు నిలబడ్డారో ఒకసారి చూడండి.